నాలుగు పోస్టుకార్డుల పట్టు: చిన్న కారు సస్పెన్షన్ మార్పుల్లో ముందువెనకలు

కారు ఎంత ఖరీదైనదైనా నేలతో దానికి ఉన్న సంబంధం నాలుగు చోట్ల మాత్రమే. ఇద్దరు మనుషులతో కలిపి 1200 కిలోలు తూగే ఒక చిన్న కారును తీసుకుందాం. ఒక్కో టైరు మీద సగటున 300 కిలోల భారం పడుతుంది. టైరులోని గాలి పీడనం 32 పిఎస్‌ఐ అనుకుంటే అది చదరపు సెంటీమీటరుకు సుమారు 2.25 కిలోలు. భారాన్ని పీడనంతో భాగిస్తే, టైరు నేలను తాకే వైశాల్యం స్థూలంగా 133 చదరపు సెంటీమీటర్లని తేలుతుంది. మన తపాలాశాఖ పోస్టుకార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. దాని వైశాల్యం 126. అంటే మలుపు తిరగడం, బ్రేకు వేయడం, వేగం అందుకోవడం అన్నీ నాలుగు పోస్టుకార్డులంత రబ్బరు మీదే జరగాలి.

చిన్న కారు మలుపుల్లో మరింత చురుకుగా తిరగాలని కోరుకొనేవారికి బజారులో దొరికే సామగ్రికి లోటు లేదు. పొట్టి స్ప్రింగులు, గట్టి షాక్ అబ్జార్బర్లు, లావుపాటి యాంటీ రోల్ బార్లు, ఎత్తును మరతో మార్చుకోగల కాయిలోవర్లు, రబ్బరుకు బదులు పాలీయురేథేన్ బుష్‌లు. అన్నిటి మీదా పట్టు పెరుగుతుందన్న మాటే కనిపిస్తుంది. నిజానికి పట్టు పుట్టేది టైరులో. ఆ పట్టును నాలుగు చక్రాల మధ్య పంచడం, టైరును సరైన కోణంలో, ఎడతెగకుండా నేలకు ఆనించి ఉంచడం సస్పెన్షన్ చేసే పని. ఈ తేడా తెలిస్తే ఏది ముందు కొనాలో, ఏది అసలు కొననక్కర్లేదో తేల్చుకోవడం సులువవుతుంది. తెలియకపోతే డబ్బు వృథా కావడంతో ఆగదు. అంతవరకూ చెప్పిన మాట విన్న కారు ఒక వానరోజు మలుపు మధ్యలో అడ్డం తిరగవచ్చు.

మలుపులో బరువు ఎటు పోతుంది?

ఆర్టీసీ బస్సులో నిలబడి ప్రయాణం చేసినవారికి ఈ సంగతి అనుభవమే. బస్సు ఎడమకు తిరిగితే ఒళ్ళు కుడివైపుకు తూలుతుంది. కుడికాలి మీద బరువు పెరుగుతుంది, ఎడమకాలు తేలికవుతుంది. కారులోనూ మలుపుకు బయటివైపున ఉన్న చక్రాల మీద భారం పెరిగి, లోపలివైపు చక్రాల మీద అంత మేరకూ తగ్గుతుంది. ఈ బదిలీ ఎంత అన్నది నాలుగు విషయాలు నిర్ణయిస్తాయి: కారు బరువు, మలుపు తీవ్రత, గురుత్వకేంద్రం ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం.

పైన చెప్పుకున్న కారులో గురుత్వకేంద్రం నేలకు 52 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనీ, చక్రాల మధ్య దూరం 150 సెంటీమీటర్లనీ, గురుత్వ త్వరణంలో 0.6 వంతు తీవ్రతతో మలుపు తిరుగుతున్నదనీ అనుకుందాం. 1200ను 0.6తోను, 52తోను హెచ్చించి 150తో భాగిస్తే సుమారు 250 కిలోలు వస్తుంది. ప్రక్కకు 600 కిలోల చొప్పున ఉన్న భారం, మలుపులో బయటివైపు 850, లోపలివైపు 350 అవుతుంది.

ఈ లెక్కలో స్ప్రింగుల ప్రసక్తి లేదు. స్ప్రింగులు గట్టివైతే కారు తక్కువ ఒరుగుతుంది, కానీ ఒక ప్రక్క నుంచి మరొక ప్రక్కకు పోయే మొత్తం భారం దాదాపు మునుపటంతే ఉంటుంది. బస్సులో నడుము బిగించి నిటారుగా నిలబడ్డ మనిషికి కూడా కుడికాలి మీద బరువు పడక తప్పదు. ఒరుగుదల కంటికి కనిపిస్తుంది, భారం బదిలీ కనిపించదు. మొదటిదాన్ని తగ్గించి రెండవదాన్ని తగ్గించామనుకోవడమే సస్పెన్షన్ విషయంలో అన్నిటికన్నా విరివిగా జరిగే పొరపాటు. కారును 25 మిల్లీమీటర్లు క్రిందికి దింపితే గురుత్వకేంద్రం 49.5 సెంటీమీటర్లకు దిగుతుంది. అప్పుడు బదిలీ 238 కిలోలు. పొట్టి స్ప్రింగులు కొన్నవారికి ఈ పద్దు కింద దక్కే లాభం 12 కిలోలు.

టైరు గుణం

భారం పెరిగితే టైరు పట్టు కూడా పెరుగుతుంది గాని, అదే నిష్పత్తిలో పెరగదు. ఉదాహరణకు 300 కిలోల భారం మీద ఒక టైరు 300 కిలోల ప్రక్కబలాన్ని ఇవ్వగలదనుకుంటే, 450 కిలోల భారం మీద 450 ఇవ్వలేదు, 414 దగ్గర ఆగిపోవచ్చు. భారం 150కి తగ్గినప్పుడు 159 ఇవ్వవచ్చు. సమంగా భారం మోస్తున్న రెండు టైర్లు కలిసి 600 ఇస్తే, హెచ్చుతగ్గుగా మోస్తున్న అవే టైర్లు 573 మాత్రమే ఇస్తాయి. ఎడమ కుడి టైర్ల మధ్య తేడా పెరిగినకొద్దీ ఆ ఇరుసు మొత్తం పట్టు తగ్గుతుంది. సస్పెన్షన్ సర్దుబాట్లన్నిటికీ మూలసూత్రం ఇదే.

బదిలీ అయ్యే 250 కిలోలు మారకపోయినా, అందులో ముందు ఇరుసు వాటా ఎంత, వెనక ఇరుసు వాటా ఎంత అన్నది మార్చవచ్చు. ఏ ఇరుసు ఒరుగుదలను ఎక్కువ గట్టిగా అడ్డుకుంటే ఆ ఇరుసే బదిలీలో ఎక్కువ వాటా తీసుకుంటుంది. ముందు ఇంజను ఉన్న చిన్న కారులో ముందు చక్రాల మీద 720 కిలోలు, వెనక చక్రాల మీద 480 కిలోలు ఉన్నాయనుకుందాం. బదిలీలో ముందు ఇరుసు 160, వెనక ఇరుసు 90 తీసుకుంటే, ముందు టైర్ల మీద 520, 200. వెనక టైర్ల మీద 330, 150 పడతాయి. వెనక లావుపాటి యాంటీ రోల్ బార్ బిగించి వాటాలను 130, 120గా మారిస్తే ముందు 490, 230. వెనక 360, 120 అవుతాయి. ముందు టైర్ల మధ్య తేడా తగ్గింది కనుక ముందు పట్టు కొంత పెరిగింది. ఆ పెరిగిన దానికి మూల్యం వెనక టైర్లు చెల్లించాయి.

ముందు జారడం, వెనక జారడం

మలుపులో ముందు టైర్ల పట్టు ముందుగా చాలకపోతే, స్టీరింగ్ ఎంత తిప్పినా కారు వెడల్పైన వంపులో బయటికి పోతుంది. దీన్ని అండర్‌స్టీర్ అంటారు. వెనక టైర్లు ముందుగా పట్టు కోల్పోతే కారు తోక బయటికి విసురుకొని, అనుకున్న దానికన్నా లోపలికి తిరుగుతుంది. అది ఓవర్‌స్టీర్. ఈ భావనలకు శాస్త్రీయమైన రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు మారిస్ ఓలీ. రోల్స్ రాయిస్‌లో పని చేసి, 1930లో జనరల్ మోటార్స్ వారి కాడిలాక్ విభాగంలో చేరిన ఈ ఇంజనీరు చేసిన పరిశోధనల ఫలితంగానే 1934 నాటి జనరల్ మోటార్స్ కార్లలో ముందు చక్రాలకు స్వతంత్ర సస్పెన్షన్ వచ్చింది.

బజారులో అమ్మే దాదాపు ప్రతి కారునూ తయారీదారులు కొంత అండర్‌స్టీర్ ఉండేట్లుగానే కూర్చుతారు. భయపడ్డ మనిషి సహజంగా చేసే రెండు పనులు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయడం, స్టీరింగ్ ఇంకా తిప్పడం. అండర్‌స్టీర్ ఉన్న కారు కాలు తీయగానే నెమ్మదించి, బరువు ముందుకు వచ్చి, తిరిగి దారికి వస్తుంది. ఓవర్‌స్టీర్‌లో ఉన్న కారుకు అవే రెండు పనులు మరింత కీడు చేస్తాయి. అక్కడ కావలసింది స్టీరింగును వెంటనే వ్యతిరేక దిశలో తిప్పడం. అభ్యాసం లేనివారికి అర సెకనులో అది తట్టదు.

ఒక్క కమ్మీ ఎంత మార్పు తేగలదో 1960 నమూనాగా వచ్చిన షెవర్లే కార్వేర్ చరిత్ర చెబుతుంది. అమెరికా ప్రమాణాల్లో చిన్నదైన ఆ కారుకు ఇంజను వెనక ఉండేది. వెనక చక్రాలది స్వింగ్ యాక్సిల్ పద్ధతి. ముందు యాంటీ రోల్ బార్ ఉండేది కాదు. దాని బదులు టైర్ల గాలిలో తేడా మీద ఆధారపడ్డారు: ముందు 15 పిఎస్‌ఐ, వెనక 26. నాలుగు టైర్లకూ ఒకే పీడనం పెట్టడం అలవాటైన వాహనదారుల చేతిలో ఆ సమతూకం సులువుగా చెడిపోయేది. 1964 నమూనాలో ముందు యాంటీ రోల్ బారును, వెనక ఒక అడ్డ కమాను పట్టీని చేర్చారు. 1965లో వెనక సస్పెన్షన్‌నే మార్చేశారు. అదే సంవత్సరం చివర వచ్చిన రాల్ఫ్ నేడర్ పుస్తకం ఆ తొలి కార్లను ప్రజల ముందు నిలదీసింది. 1972లో ప్రభుత్వ నివేదిక ఆ కార్లు సాటి కార్లకన్నా అసాధారణంగా ప్రమాదకరమైనవి కావని తేల్చినా, అప్పటికే వాటి తయారీ ఆగిపోయింది. ముందు కమ్మీ చేర్చితే కారు అండర్‌స్టీర్ వైపు, వెనక కమ్మీ లావు చేస్తే ఓవర్‌స్టీర్ వైపు జరుగుతుంది. నేటి చిన్న కారుకు వెనక బార్ కొనేవారు కార్వేర్ ఇంజనీర్లు నడిచిన దారిలో ఎదురు నడుస్తున్నారన్నమాట. అది తప్పేమీ కాదు, కాని తెలిసి చేయవలసిన పని.

చిన్న కార్ల అమరిక

హైదరాబాదు వీధుల్లో తిరిగే స్విఫ్ట్, లండన్‌లోని ఫియెస్టా, అమెరికాలో చాలాకాలం అమ్ముడైన హోండా ఫిట్ వేర్వేరు సంస్థలవైనా వాటి క్రింద ఉన్న అమరిక ఒకటే: ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక ట్విస్ట్ బీమ్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన స్ట్రట్‌లో షాక్ అబ్జార్బరే చక్రాన్ని నిలబెట్టే స్తంభంగా కూడా పని చేస్తుంది. చోటు తక్కువ పడుతుంది, ఖర్చు తక్కువ. బ్రిటన్ ఫోర్డ్ వారు 1950లో చూపిన కాన్సల్, జెఫిర్ కార్లతో ఇది వ్యాప్తిలోకి వచ్చింది. వెనక ఉండే ట్విస్ట్ బీమ్ రెండు చక్రాలను కలిపే ఒక దూలం. అది మెలి తిరగగలదు. అంటే ఆ దూలమే కొంతవరకు యాంటీ రోల్ బార్ కూడా. తొలి తరం ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఈ జోడీకి ప్రసిద్ధి తెచ్చింది. గోల్ఫ్ జీటీఐ గట్టి మలుపులో లోపలి వెనక చక్రాన్ని గాలిలోకి ఎత్తి మూడు చక్రాల మీద పోవడం అప్పటి ఛాయాచిత్రాల్లో తరచు కనిపించే దృశ్యం.

ఈ అమరికకు ఉన్న పరిమితులు కొనుగోలును నిర్ణయించాలి. కారు ఒరిగినప్పుడు స్ట్రట్ కూడా కారుతో పాటు ఒరుగుతుంది. దానితో బయటి ముందు టైరు తన బయటి అంచు మీద నిలబడి, పోస్టుకార్డులో లోపలి సగాన్ని వదులుకుంటుంది. కారును మరీ క్రిందికి దింపితే స్ట్రట్ అడుగున ఉన్న చేయి చక్రం వైపు పైకి వాలుతుంది. ఆ వాలు వల్ల, కారు దేని చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్, గురుత్వకేంద్రం కన్నా వేగంగా క్రిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, కారును ఒరగదీసే బలం పెరుగుతుంది. దించిన కారు తక్కువ ఒరుగుతున్నదంటే అది స్ప్రింగు గట్టిదనం వల్లనే గాని ఎత్తు తగ్గడం వల్ల కాదు.

ఏ భాగం ఏం చేస్తుంది?

మొదటి స్థానం టైర్లది. వాన నీటిని ప్రక్కకు తోసే గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఐరోపాలో టైరు చట్టరీత్యా పనికిరానిదవుతుంది. అంతకు చాలా ముందే తడి రోడ్డు మీద దాని పట్టు క్షీణిస్తుంది. 7 డిగ్రీల సెల్సియస్ కన్నా చలి పెరిగితే వేసవి టైరు రబ్బరు బిగుసుకుపోతుంది. అరిగిన టైర్ల మీద ఖరీదైన సస్పెన్షన్ బిగించడం బలహీనమైన పునాది మీద అంతస్తు లేపడమే.

రెండవది చక్రాల అమరిక కోణాలు. ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరిగి ఉండే కోణం క్యాంబర్. లోపలికి ఒరిగితే రుణ క్యాంబర్. పై నుంచి చూస్తే రెండు చక్రాల ముక్కులు దగ్గరగా ఉన్నాయా, ఎడంగా ఉన్నాయా అన్నది టో. స్ట్రట్ కార్లలో ముందు చక్రాలకు ఒక డిగ్రీ లేదా ఒకటిన్నర డిగ్రీల రుణ క్యాంబర్ ఇస్తే మలుపులో బయటి టైరు నేలకు చదునుగా ఆనుతుంది. చాలా కార్లలో దీనికి కావలసింది ఒక ప్రత్యేకమైన బోల్టుల జత, అలైన్‌మెంట్ యంత్రం మీద ఒక గంట సమయం. చిన్న కారులో అండర్‌స్టీర్ తగ్గించడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు. కోణం మరీ పెంచితే టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది.

మూడవది షాక్ అబ్జార్బర్. స్ప్రింగు గతుకులోని శక్తిని దాచుకొని తిరిగి ఇస్తుంది. షాక్ అబ్జార్బర్ ఆ శక్తిని వేడిగా మార్చి ఊగులాటను ఆపుతుంది. ఇది అరిగిపోతే టైరు గతుకు మీద ఎగిరి, నేలను ఒక క్షణం వదిలేస్తుంది. నేలను వదిలిన టైరుకు పట్టు ఉండదు. ఏళ్ళ తరబడి తిరిగిన కారులో షాక్ అబ్జార్బర్లు నెమ్మదిగా అరుగుతాయి కనుక యజమానికి ఆ సంగతి తెలియదు. కారు వదులుగా తయారైందని స్ప్రింగులు కొనబోయే చాలామందికి నిజానికి కావలసినవి కొత్త షాక్ అబ్జార్బర్లు.

నాలుగవది యాంటీ రోల్ బార్. ఎడమ కుడి చక్రాలను కలిపే ఈ కమ్మీ రెండూ కలిసి పైకి లేస్తే పని చేయదు, ఒకటి లేచి మరొకటి దిగితే మెలిపడి అడ్డుకుంటుంది. దీని గట్టిదనం వ్యాసం నాలుగవ ఘాతంతో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల కమ్మీ స్థానంలో 22 మిల్లీమీటర్లది వేస్తే 46 శాతం పెరుగుదల. 24 మిల్లీమీటర్లది వేస్తే రెట్టింపుకు పైన. చేతికి రెండూ ఒకేలా అనిపించినా కారుకు అవి ఒకటి కావు. ముందూ వెనకా పట్టు పంపకాన్ని మార్చడానికి ఇది చక్కటి సాధనం. అయితే ఒక చక్రానికి తగిలిన గతుకును రెండవ చక్రానికి కూడా చేరవేయడం దీని అవలక్షణం.

స్ప్రింగులు అయిదవవి. మామూలు కార్ల స్ప్రింగుల మీద కారు శరీరం సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగుతుంది. మనిషి నడకలో తల పైకీ క్రిందికీ కదిలే లయ సెకనుకు సుమారు రెండు. ఆ చుట్టుపక్కల లయలు శరీరానికి అలవాటైనవే. నిట్టనిలువు కంపనాలు సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లుగా ఉన్నప్పుడు శరీరాన్ని ఎక్కువగా బాధిస్తాయి. వెన్ను, ఉదరం ఆ లయకు స్పందించి ఊగడం ఇందుకు కారణం. ఓలీ చూపిన మరొక సంగతి, వెనక స్ప్రింగుల లయ ముందువాటికన్నా కొంచెం వేగంగా ఉండాలన్నది. గతుకు ముందు చక్రాలకు ముందు తగులుతుంది. వెనకవైపు త్వరగా ఊగి ముందువైపును అందుకుంటే కారు ముందూ వెనకా ఎగిరిపడకుండా చదునుగా సాగుతుంది. ముందూ వెనకా విడివిడిగా ఎంచిన స్ప్రింగులతో ఈ పొందిక పోతుంది.

పొట్టి స్ప్రింగులకు మరొక చిక్కు ఉంది. చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు తగ్గుతుంది. గట్టి గతుకు మీద సస్పెన్షన్ చివరి రబ్బరు ఆపుడు ముక్కను తాకితే, ఆ క్షణంలో స్ప్రింగు గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. భారం బదిలీలో ఆ ఇరుసు వాటా కూడా అప్పుడే అమాంతం పెరుగుతుంది. వెనక ఇరుసు మీద, మలుపు మధ్యలో ఇది జరిగితే తోక జారడానికి అంతకుమించిన కారణం అక్కర్లేదు. పైగా పాత షాక్ అబ్జార్బర్లు గట్టి స్ప్రింగులను అదుపు చేయలేవు. కనుక స్ప్రింగులు మార్చేవారు వాటికి సరిపడే షాక్ అబ్జార్బర్లను కలిపి కొనాలి.

బుష్‌లు చివరివి. పాలీయురేథేన్ బుష్‌లు కోణాలు కదలకుండా నిలుపుతాయి, దాంతోపాటు రోడ్డు మోతను కారులోకి తెస్తాయి. పాత కారులో చీలిన రబ్బరు బుష్‌లను అదే రకం కొత్తవాటితో మార్చడం చాలాసార్లు సరిపోతుంది.

నిదానం ముందు, చికిత్స తరువాత

వైద్యశాస్త్రంలో నిదానం అంటే రోగకారణాన్ని తేల్చడం. మందు దాని తరువాతి మాట. కారు విషయంలోనూ ముందుగా అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇబ్బంది మలుపులో ప్రవేశించేటప్పుడా, మధ్యలోనా, బయటపడేటప్పుడా? జారుతున్నది ముందా, వెనకా? పొడి రోడ్డు మీదనా, తడి రోడ్డు మీదనా? టైర్ల గాలి, వయస్సు, గాడుల లోతు చూసుకోకుండా, అరిగిన భాగాలను మార్చకుండా ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులను నమ్మకూడదు. ఆ తరువాత ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చి, అదే దారిలో నడిపి చూడాలి. నాలుగు భాగాలు ఒకే రోజు మార్చితే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలిసే దారి లేదు.

తయారీదారులకే ఈ సమతూకం తప్పిన సందర్భం ఉంది. 1997 అక్టోబరులో ఒక స్వీడిష్ పత్రిక, రోడ్డు మీద హఠాత్తుగా అడ్డం వచ్చిన దుప్పిని తప్పించుకొనే విన్యాసంలో కొత్త మెర్సిడెస్ ఏ-క్లాస్‌ను పరీక్షించింది. పొట్టిగా, ఎత్తుగా ఉన్న ఆ చిన్న కారు బోల్తాపడింది. సంస్థ అమ్మకాలు నిలిపి, సస్పెన్షన్‌ను సవరించి, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌ను ప్రతి కారులోనూ అమర్చింది. అమెరికాలో 2012 నమూనా నుంచి ప్రతి కొత్త కారుకూ ఆ సాధనం తప్పనిసరి. అయితే అది ఫలానా స్ప్రింగులు, ఫలానా బార్లు, ఫలానా టైర్లు ఉన్నాయన్న ఊహతో సర్దినది. సస్పెన్షన్ మార్చినవారు ఆ ఊహను కూడా మార్చారు. ఇందుకే జర్మనీలో దించిన స్ప్రింగులకు అధికారిక ఆమోదపత్రం ఉండాలి. బ్రిటన్‌లో మార్పులను బీమా సంస్థకు తెలియజేయకపోతే ప్రమాదం జరిగిన రోజున పరిహారం ప్రశ్నార్థకమవుతుంది.

వారాంతాల్లో ట్రాక్ మీదికి మాత్రమే తీసుకుపోయే కారుకు, పిల్లలను బడికి చేర్చే కారుకు ఒకే సర్దుబాటు పనికిరాదు. రెండవ రకానికి చెందిన చిన్న కారుకు మంచి టైర్లు, ఒక డిగ్రీ పైచిలుకు ముందు క్యాంబర్, అసలు ఎత్తులోనే పని చేసే నాణ్యమైన షాక్ అబ్జార్బర్లు చాలినంత మార్పు తెస్తాయి. ఇవేవీ వెనక టైర్ల నుంచి పట్టును తీసుకోవు. ఇంకా అండర్‌స్టీర్ మిగిలితే వెనక బార్ గురించి ఆలోచించవచ్చు; అప్పుడు కూడా దొరికే వాటిలో సన్ననిది తీసుకొని, వాహనాలు లేని విశాలమైన చోట, నేల తడిగా ఉన్నప్పుడు కారు ఎలా ప్రవర్తిస్తున్నదో తెలుసుకున్న తరువాతే కుటుంబాన్ని ఎక్కించుకోవాలి. ఆ కారును ఇంట్లో మరెవరైనా నడుపుతుంటే, కారు స్వభావం మారిందన్న సంగతి ముందుగా వారికి తెలియాలి.